పెట్టె మీద 144 హెర్ట్జ్... కంటి దాకా చేరేది ఎంత?

కంప్యూటర్ మానిటర్ కొనడానికి వెళితే ఇప్పుడు ముందుగా కనిపించేది ఒక అంకె. 75, 100, 144, 165, 240, 360... వీడియో గేములు ఆడేవారి కోసం తయారైన తెరలన్నిటికీ ఇదే ప్రధాన ప్రచారం. అంకె పెరిగేకొద్దీ ధరా పెరుగుతుంది. మరి కంటికి కనిపించే తేడా కూడా అదే లెక్కన పెరుగుతుందా? పెరగదు. తేడా నిజమే, కానీ ఒక దశ తర్వాత అది వేగంగా తగ్గిపోతుంది. పైగా ఆ అంకె ఒక్కటే అన్నీ నిర్ణయించదు. జోడెద్దుల్లో ఒకటి వెనకబడితే బండి దాని నడకే నడుస్తుంది. తెర, గ్రాఫిక్స్ కార్డు, కేబుల్, సెట్టింగ్... వీటిలో ఏది నెమ్మదిగా ఉంటే మనకు కనిపించే వేగం అదే.

అంకె వెనుక ఉన్నది కాలం

తెర మీద కదిలే బొమ్మ నిజానికి కదలదు. ఒకదాని తర్వాత ఒకటిగా నిశ్చల చిత్రాలు మారుతుంటాయి. సెకనుకు ఎన్నిసార్లు తెర కొత్త చిత్రాన్ని చూపగలదో దాన్ని రిఫ్రెష్ రేటు అంటారు. దాన్ని హెర్ట్జ్‌లలో కొలుస్తారు. 60 హెర్ట్జ్ తెర సెకనుకు 60 సార్లు, 144 హెర్ట్జ్ తెర 144 సార్లు మారుతుంది.

దీన్ని కాలంగా మార్చి చూస్తే విషయం తేటపడుతుంది. 60 హెర్ట్జ్ తెర మీద ఒక్కో చిత్రం 16.7 మిల్లీసెకన్లు నిలుస్తుంది. 120 వద్ద 8.3, 144 వద్ద 6.9, 240 వద్ద 4.2, 360 వద్ద 2.8 మిల్లీసెకన్లు. అంటే 60 నుంచి 120కి వెళ్తే ఒక్కో చిత్రానికి 8.3 మిల్లీసెకన్లు ఆదా. 120 నుంచి 240కి వెళ్తే ఆదా 4.2 మాత్రమే. 240 నుంచి 480కి వెళ్తే 2.1. అంకెను రెట్టింపు చేసిన ప్రతిసారీ దక్కే లాభం సగానికి పడిపోతుంది. 60 నుంచి 144కి మారినవారు తేడాను వెంటనే గుర్తించడానికి, 240 నుంచి 360కి మారినవారు వెతుక్కోవలసి రావడానికి కారణం ఇదే.

క్రికెట్ గేములో గంటకు 144 కిలోమీటర్ల వేగంతో బంతి వస్తోందనుకుందాం. అంటే సెకనుకు 40 మీటర్లు. 60 హెర్ట్జ్ తెర మీద ఒక చిత్రానికీ తర్వాతి చిత్రానికీ మధ్య ఆ బంతి సుమారు 67 సెంటీమీటర్లు ముందుకు దూకుతుంది. 144 హెర్ట్జ్ వద్ద 28 సెంటీమీటర్లు. 240 వద్ద 17 సెంటీమీటర్లు. మధ్యలో బంతి ఎక్కడుందో తెర చూపదు, మెదడే పూరించుకుంటుంది. ఆ ఖాళీ ఎంత తగ్గితే బంతి దారి అంత స్పష్టంగా అందుతుంది.

సినిమాకు 24 చాలినప్పుడు ఆటకు 144 ఎందుకు?

ఇది తరచూ వినిపించే ప్రశ్న. సినిమాలో సెకనుకు 24 చిత్రాలే ఉంటాయి. అయినా కదలిక సాఫీగానే కనిపిస్తుంది. ఎందుకంటే కెమెరా ఒక్కో చిత్రాన్ని తీసే క్షణంలో జరిగిన కదలిక ఆ చిత్రంలోనే మసకగా నమోదవుతుంది. ఆ మసకే ఒక చిత్రాన్ని మరొకదానితో కలుపుతుంది. గేములో చిత్రాన్ని కంప్యూటర్ లెక్క కట్టి గీస్తుంది కాబట్టి, ఒక్కో చిత్రం గీత గీసినంత పదునుగా ఉంటుంది. అందుకే మధ్య ఖాళీలు ఎక్కువగా తెలుస్తాయి. పైగా సినిమాను మనం చూస్తూ కూర్చుంటాం. గేములో మన చెయ్యి కదిపినదాని ఫలితం కోసం ఎదురు చూస్తాం.

“మనిషి కన్ను 60కి మించి చూడలేదు” అనే మాటా ఉంది. ఇది సగం నిజం. వెలిగి ఆరుతున్న దీపాన్ని కన్ను నిలకడైన వెలుగుగా భావించే హద్దు, కాంతి తీవ్రతను బట్టి సాధారణంగా సెకనుకు 50 నుంచి 90 సార్ల మధ్య ఉంటుంది. అయితే అది మిణుకుమిణుకుమనే వెలుగుకు సంబంధించిన హద్దు. కదలికను చూడడం వేరు. దృశ్యంలో పదునైన అంచులుండి, కన్ను వాటి మీదుగా కదులుతున్నప్పుడు 500 హెర్ట్జ్ వద్ద కూడా మిణుకు ప్రభావాన్ని మనుషులు గుర్తించగలరని 2015లో ‘సైంటిఫిక్ రిపోర్ట్స్’ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన చూపింది.

మసక తెరది కాదు, కంటిది

ఎల్‌సీడీ తెర ఒక చిత్రాన్ని చూపితే తర్వాతి చిత్రం వచ్చేదాకా దాన్ని అలాగే నిలిపి ఉంచుతుంది. కదిలే వస్తువును అనుసరించే మన కన్ను మాత్రం ఆగకుండా సాఫీగా జరుగుతూ ఉంటుంది. బొమ్మ నిలిచి ఉంది, కన్ను జరుగుతోంది. దాంతో ఆ బొమ్మ రెటీనా మీద అలికినట్టు పరుచుకుంటుంది. మనకు కనిపించే మసక అదే. పిక్సెల్ ఎంత చురుకైనదైనా ఈ మసక పోదు. చిత్రం నిలిచే కాలం తగ్గితేనే తగ్గుతుంది.

దీని లెక్క సులువు. సెకనుకు 960 పిక్సెళ్ల వేగంతో జరిగే వస్తువు 60 హెర్ట్జ్ వద్ద 16 పిక్సెళ్ల మేర, 120 వద్ద 8, 240 వద్ద 4 పిక్సెళ్ల మేర మసకబారుతుంది. పాత పిక్చర్ ట్యూబు మానిటర్లలో కదలిక ఎందుకు అంత స్పష్టంగా ఉండేదో కూడా ఇక్కడే తెలుస్తుంది. వాటిలో ఒక్కో చుక్క క్షణకాలం వెలిగి ఆరిపోయేది. కన్ను జరిగేలోపే బొమ్మ మాయమయ్యేది. ఇప్పటి కొన్ని మానిటర్లు చిత్రాల మధ్య వెనుక దీపాన్ని ఆర్పుతూ ఇదే పని చేస్తాయి. అయితే వెలుగు తగ్గుతుంది, మిణుకు పడనివారికి తలనొప్పి రావచ్చు.

ద్రవ స్ఫటికాల పరుగు

తెర సెకనుకు 144 సార్లు ఆజ్ఞ ఇస్తే సరిపోదు, పిక్సెల్ ఆ వేగంతో రంగు మార్చుకోవాలి. ఎల్‌సీడీలో ఈ పని చేసేవి ద్రవ స్ఫటికాలు. ద్రవంలా ప్రవహిస్తూనే స్ఫటికంలా ఒక క్రమంలో అమరే ఈ పదార్థాలను 1888లో ఆస్ట్రియా వృక్షశాస్త్రజ్ఞుడు ఫ్రెడ్రిక్ రైనిట్జర్ గుర్తించాడు. విద్యుత్ పీడనం ఇస్తే వీటి అణువులు తిరిగి, లోపలి నుంచి వచ్చే కాంతిని ఆపుతాయి లేదా వదులుతాయి. తిరగడానికి కొంత సమయం పడుతుంది. 144 హెర్ట్జ్ తెరలో ఆ మార్పు 6.9 మిల్లీసెకన్లలోపు పూర్తికాకపోతే పాత చిత్రపు నీడ కొత్తదాని వెనుక తోకలా కనిపిస్తుంది.

ఈ రంగంలో మన దేశానికీ ఒక చోటుంది. బెంగళూరులోని రామన్ పరిశోధన సంస్థలో శివరామకృష్ణ చంద్రశేఖర్ బృందం 1977లో బిళ్ల ఆకారపు అణువులతో కూడిన కొత్త రకం ద్రవ స్ఫటికాలను కనుగొంది. అలాంటి అణువుల పొరలు తర్వాత ఎల్‌సీడీ తెరలను పక్క నుంచి చూసినా రంగు మారకుండా ఉంచే పల్చటి ఫిల్ముల్లో ఉపయోగపడ్డాయి.

తెరల్లో ప్రధానంగా నాలుగు రకాలున్నాయి. టీఎన్ రకం చురుకైనది, కానీ పక్క నుంచి చూస్తే రంగులు పాలిపోతాయి. ఐపీఎస్‌లో రంగులు, చూపు కోణం బాగుంటాయి, నలుపు మాత్రం కాస్త బూడిదగా కనిపిస్తుంది. వీఏలో నలుపు గాఢంగా ఉంటుంది, కానీ చీకటి దృశ్యాల్లో కదిలే వస్తువుల వెనుక మరకలు పడే అవకాశం ఎక్కువ. ఓఎల్ఈడీలో ద్రవ స్ఫటికాలే ఉండవు, ప్రతి పిక్సెల్ తానే వెలుగుతుంది. అందువల్ల మార్పు దాదాపు తక్షణమే జరుగుతుంది. ధర ఎక్కువ. ఒకే బొమ్మ గంటల తరబడి ఒకేచోట ఉంటే ఆ ఆకారం శాశ్వతంగా అచ్చుపడే ప్రమాదమూ ఉంది.

“1 మిల్లీసెకను” అని పెట్టె మీద రాసినదాన్ని జాగ్రత్తగా చదవాలి. అది తరచుగా అత్యంత అనుకూలమైన ఒక మార్పుకు, ఓవర్‌డ్రైవ్ అనే సెట్టింగును చివరిదాకా పెంచి కొలిచినది. ఓవర్‌డ్రైవ్ అంటే అణువులను తొందరపెట్టడానికి అవసరమైనదానికన్నా ఎక్కువ పీడనం ఇవ్వడం. మోతాదు మించితే పిక్సెల్ గమ్యాన్ని దాటి వెళ్లి, వస్తువుల వెనుక వెలుగు అంచులు కనిపిస్తాయి. చాలా మానిటర్లలో మధ్యస్థ సెట్టింగే మెరుగు.

గీసేది గ్రాఫిక్స్ కార్డు

తెర 144 చిత్రాలు చూపగలిగినా, కంప్యూటర్ 70 మాత్రమే గీస్తే కొత్తవి 70 మాత్రమే. మిగతావి పాతవాటి పునరావృతాలు. అందుకే కొనే ముందు మీరు ఆడే గేములో మీ కంప్యూటర్ సెకనుకు ఎన్ని ఫ్రేములు గీస్తోందో చూసుకోవాలి. చాలా గేముల్లోనే ఈ లెక్క చూపే సెట్టింగు ఉంటుంది.

తెర లయ, కార్డు లయ కలవకపోతే మరో చిక్కు. తెర సగం చిత్రం చూపేసరికి కొత్త చిత్రం వచ్చిపడితే, పై సగం పాతది, కింది సగం కొత్తది అయి మధ్యలో చిరిగినట్టు కనిపిస్తుంది. దీనికి 2013లో ఎన్విడియా జీ-సింక్ పేరుతో, 2014లో వీసా సంస్థ అడాప్టివ్-సింక్ ప్రమాణంతో పరిష్కారం తెచ్చాయి. చిత్రం సిద్ధమయ్యేదాకా తెర ఆగి, అది రాగానే మారుతుంది. సెకనుకు వచ్చే చిత్రాలు పైకీ కిందికీ ఊగిసలాడే మధ్యతరగతి కంప్యూటర్లకు, 165కీ 180కీ మధ్య తేడాకన్నా ఈ సదుపాయమే ఎక్కువ మేలు చేస్తుంది.

కేబులూ, ఒక చిన్న సెట్టింగూ

1920×1080 పిక్సెళ్ల తెరకు, ఒక్కో పిక్సెల్‌కు 24 బిట్ల లెక్కన, 60 హెర్ట్జ్ వద్ద సెకనుకు దాదాపు 300 కోట్ల బిట్లు కావాలి. 144 వద్ద సుమారు 717 కోట్లు. 2560×1440 తెరకైతే 144 వద్ద 1,274 కోట్లు. పాత హెచ్‌డీఎంఐ 1.4 మోయగలిగిన చిత్ర సమాచారం సెకనుకు 816 కోట్ల బిట్లే. హెచ్‌డీఎంఐ 2.0 అయితే 1,440 కోట్లు, డిస్‌ప్లేపోర్ట్ 1.4 అయితే 2,592 కోట్లు. ఇంట్లో పడి ఉన్న పాత కేబుల్ తగిలిస్తే తెర మౌనంగా తక్కువ వేగానికి దిగిపోవచ్చు. కేబుల్‌ను మదర్‌బోర్డు పోర్టుకు కాకుండా గ్రాఫిక్స్ కార్డు పోర్టుకే తగిలించాలన్నది మరో ముఖ్య విషయం.

అన్నీ సరిగ్గా ఉన్నా, కొత్త మానిటర్‌ను విండోస్ 60 హెర్ట్జ్ వద్దే నడుపుతూ ఉండవచ్చు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే వరుసగా తెరిచి రిఫ్రెష్ రేటును మార్చాలి. మారిందో లేదో కంటితోనే పరీక్షించవచ్చు. నల్లటి నేపథ్యం మీద మౌస్ బాణాన్ని వేగంగా గుండ్రంగా తిప్పండి. 60 వద్ద బాణాలు దూరందూరంగా విడివిడిగా కనిపిస్తాయి. 144 వద్ద అవి దగ్గరగా చేరతాయి.

కళ్లు, కరెంటు

ఎక్కువ హెర్ట్జ్ ఉంటే కళ్లకు మంచిదన్నది పూర్తిగా నమ్మదగిన మాట కాదు. కదిలే అక్షరాలు స్పష్టంగా కనిపించడం హాయిగానే ఉంటుంది. కానీ తెర ముందు కళ్లు అలసిపోవడానికి ముఖ్య కారణాలు వేరు. చూపు ఒకే దూరంలో నిలిచిపోవడం, రెప్ప వేయడం తగ్గి కన్ను పొడిబారడం, చీకటి గదిలో మితిమీరిన వెలుగు. వీటిని హెర్ట్జ్ మార్చదు. 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లు చూడడం, తెర వెలుగును గది వెలుగుకు తగినట్టు తగ్గించడం, తెరను చేయి చాచినంత దూరంలో ఉంచడం మేలు. వెలుగు తగ్గించడానికి దీపాన్ని వేగంగా ఆర్పి వెలిగించే రకం తెరలు కొందరికి పడవు. అలాంటివారు మిణుకు లేని తెరను అడిగి తీసుకోవాలి.

ఎక్కువ ఫ్రేములు గీయాలంటే కార్డు ఎక్కువ కరెంటు తాగుతుంది, ఎక్కువ వేడెక్కుతుంది. మన ఎండాకాలంలో ఇది చిన్న విషయం కాదు. తెర హద్దుకు కాస్త కిందే ఫ్రేముల సంఖ్యకు పరిమితి పెడితే గది, కార్డు రెండూ చల్లగా ఉంటాయి.

ఎవరికి ఎంత?

చదువు, ఆఫీసు పని, సినిమాలే ప్రధానమైతే 60 నుంచి 100 హెర్ట్జ్ చాలు. ఆ డబ్బుతో మెరుగైన రంగులు, తగిన ఎత్తుకు మార్చుకోగల స్టాండు తీసుకోవచ్చు. ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ వంటివి 120 హెర్ట్జ్‌కు మించి పంపవు కాబట్టి, వాటి కోసమే అయితే అంతకు పైన ఖర్చు అనవసరం. మామూలు కంప్యూటర్‌లో గేములాడేవారికి 144 నుంచి 180 మధ్య, లయ కలిపే సదుపాయమున్న తెర సరిపోతుంది. 24 అంగుళాల తెరకు 1920×1080, 27 అంగుళాలకు 2560×1440 పిక్సెళ్లు చక్కగా కుదురుతాయి. 240, ఆపైన ఉన్నవి పోటీల్లో దిగి, ఆ వేగానికి తగిన కార్డు కూడా ఉన్నవారికి.

ఒక దృశ్యాన్ని చూసి చెయ్యి కదపడానికి మనిషికి సుమారు 200 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది. 60 నుంచి 144కి మారితే తెర వైపు నుంచి ఆదా అయ్యేది పది మిల్లీసెకన్లలోపు. సమఉజ్జీల మధ్య పోటీలో అది లెక్కకు వస్తుంది. మిగతా రెండు వందలను తగ్గించేది మాత్రం సాధన, నిద్ర. అవి ఏ పెట్టెలోనూ దొరకవు.