మెట్టచేల నడుమ గడ్డి దీవి

సముద్రం లేని దీవి ఒకటి నందికొట్కూరుకు చేరువలో ఉంది. మిడుతూరు మండలంలోని రోళ్లపాడు అభయారణ్యం పేరుకు అరణ్యమే గానీ అందులో అడవి లేదు. ఉన్నది 614 హెక్టార్ల గడ్డినేల, అక్కడక్కడ రేగుపొదలు, తుమ్మలు. బట్టమేక పిట్ట కోసం 1988లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు. చుట్టూ పొలాలే. దీవి చిన్నదయ్యే కొద్దీ, పెద్ద నేలకు దూరమయ్యే కొద్దీ అందులో నిలిచే జాతులు తగ్గుతాయని రాబర్ట్ మకార్థర్, ఎడ్వర్డ్ విల్సన్ 1967లో ఒక పుస్తకంలో సిద్ధాంతీకరించారు. రోళ్లపాడుకు ఆ లెక్క సగమే సరిపోతుంది. నిజమైన దీవికి నీళ్లు హద్దు, దాన్ని మనం మార్చలేం. ఈ దీవికి చేలు హద్దు, అవి ఏటా మారుతున్నాయి. బట్టమేక బతుకు తేలేది కంచె లోపలి కంటే ఆ చేలల్లోనే.

ముందు ఈ నేల గొంతు సంగతి చూద్దాం. మామిడితోపులో కోకిల కొమ్మల్లో దాక్కుని కూస్తుంది. గడ్డినేలలో ఆ కొమ్మలేవీ? అందుకే భరతపిట్టల్లో చాలా రకాలు ఎండాకాలంలో గాల్లోకి లేచి, ఎగురుతూనే పాడతాయి. మగ బట్టమేక పదిహేను కిలోల దాకా తూగే పక్షి, పాటకోసం గాల్లో తేలలేదు. కాస్త ఎత్తయిన బయలు చూసుకుని, మెడ కింది సంచిని గాలితో ఉబ్బించి బొంగురుగా మూలుగుతుంది. మంద్రస్వరాన్ని గాలి తక్కువగా పీల్చుకుంటుంది కాబట్టి ఆ మూలుగు చాలా దూరం పోతుంది. వేళ కూడా ముఖ్యమే. ఎండ నలభై డిగ్రీలు దాటిన మధ్యాహ్నం నేలను ఆనుకున్న గాలి బాగా వేడెక్కుతుంది. వేడిగాలిలో ధ్వని వేగం ఎక్కువ, అందువల్ల అది పైకి వంగిపోయి దూరాన ఉన్న చెవికి అందదు. తెల్లవారుజామున నేల చల్లబడి ఉంటుంది, పైగాలి దానికంటే వెచ్చగా ఉంటుంది, ధ్వని కిందికి వంగి నేలబారుగా సాగుతుంది. పక్షులు తెల్లవారే వేళను ఎంచుకోవడానికి ఇదొక్కటే కారణం కాకపోవచ్చు, కానీ ఆ వేళ గొంతుకు లాభమే. ఈ కచేరీకి కావలసింది బయలు. పచ్చదనం పేరుతో ఇక్కడ చెట్లు నాటినా, సర్కారు తుమ్మను అలుముకోనిచ్చినా మగపక్షి ఆడపక్షికి కనబడదు. మొక్క నాటడం అన్నిచోట్లా పుణ్యకార్యం కాదు.

కంచె వేసి కాపాడితే చాలదా, కృష్ణజింకలు పెరగలేదా అని అడగొచ్చు. పెరిగాయి. పెరిగి చుట్టుపక్కల చేలమీద పడ్డాయి, రైతుకు అభయారణ్యమంటేనే కోపం తెప్పించాయి. జింకకు ఆరునెలల చూలు, పైగా వెంటవెంటనే ఈనుతుంది. బట్టమేక మాత్రం మామూలుగా ఏడాదికి ఒకే గుడ్డు, అదీ నేలమీద పెడుతుంది. నక్కో కుక్కో ఆ గుడ్డును తిన్నదంటే ఆ ఏడు చాలావరకు పోయినట్టే. పైగా మిడతలు, పురుగులు, తొండలు, రేగుపళ్లు, వేరుశనగ గింజలు ఏరుకుంటూ చేలంతా తిరిగే పక్షికి 614 హెక్టార్లు ఏ మూలకు? ఎనభయ్యో దశకంలో ఇక్కడ ఈ పక్షులు పదుల సంఖ్యలో ఉండేవి. అప్పట్లో చుట్టూరా ఉన్న కొర్ర, జొన్న, వేరుశనగ చేలూ వాటి ఇంట్లో భాగమే. కాలువ నీళ్లొచ్చాక ఆ చేలల్లోకి పత్తి వచ్చింది. వేట, కుక్కల బెడద కూడా పక్షిని దెబ్బతీసిన మాట నిజమే. కానీ వేటను చట్టంతో ఆపినా, మందు కొట్టిన పత్తిచేలో మిడత మాత్రం తిరిగి రాదు.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటుంది. కరువుసీమలో కాలువ నీళ్లొస్తుంటే పిట్ట కోసం మెట్ట పంటలే వేయమనడం న్యాయమా? కాదు, ఆ భారం రైతు మీద వేయకూడదు. అయితే అభయారణ్యం చుట్టూ ఇంకా వానమీదే ఆధారపడిన చేలున్నాయి. అక్కడ కొర్ర, జొన్న వేసే రైతుకు పంట ధర మీద అదనంగా చెల్లించవచ్చు. జింకలు మేసిన పంటకు పరిహారం ఆ సీజన్‌లోనే ఇవ్వవచ్చు. గడ్డినేలలను బంజర్ల జాబితాలో చూపే అలవాటూ ప్రభుత్వం మానాలి, ఎందుకంటే ఆ జాబితాలోకి ఎక్కిన నేలమీదే ప్రతి ప్రాజెక్టు కన్నూ పడుతుంది.

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2011లో బట్టమేకను అంతరించే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల్లో చేర్చింది. దేశంలో ఇవి నూటయాభైకి మించవని అంచనా, వాటిలో చాలావరకు జైసల్మేర్ ప్రాంతంలోనివే. రోళ్లపాడులో వీటి జాడే అపురూపమైపోయింది. రాజస్థాన్ కేంద్రాల్లో ఇప్పుడు గుడ్లను పొదిగించి పిల్లల్ని పెంచుతున్నారు. రేపు వాటిలో కొన్నింటిని ఇక్కడ వదలాలన్నా, కంచె బయటి చేలల్లో ముందు మిడతలు మిగిలి ఉండాలి.