కీబోర్డ్ కొన్నారా? మొదటి పాట ఎంచుకునే ముందు ఈ 5 టెస్టులు చేయండి

మా ఇంట్లో 61 కీస్ ఉన్న కీబోర్డ్ ఒకటి రెండేళ్లు మంచం కింద పడుంది. కొన్నది నేనే. ఆన్‌లైన్ సేల్‌లో ఆఫర్ కనపడగానే ఆర్డర్ పెట్టేశాను. టోన్లు ఎన్ని, రిథమ్‌లు ఎన్ని, టచ్ రెస్పాన్స్ ఉందా లేదా అని వారం రోజులు రివ్యూలు చదివాను. దాని మీద మొదట ఏ పాట వాయించాలి అని మాత్రం ఐదు నిమిషాలు కూడా ఆలోచించలేదు. అప్పట్లో బాగా నచ్చిన ఒక సినిమా మెలోడీ పెట్టుకుని కూర్చున్నాను. పది రోజులు పల్లవి మొదటి లైన్ దగ్గరే తిరిగాను. పదకొండో రోజు కవర్ తొడిగి మంచం కిందకి తోసేశాను.

పోయిన దసరా సెలవుల్లో మా అమ్మాయి ఆ కీబోర్డ్‌ని బయటికి లాగింది. పాపకి తొమ్మిదేళ్లు. నేను మళ్లీ అదే తప్పు చేశాను, ఈసారి పాపతో. సంక్రాంతికి ఊరెళ్తాం కదా, అందరి ముందు ఒక హిట్ పాట వాయిస్తే అదిరిపోతుంది, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లో వీడియో పెట్టొచ్చు అనుకున్నాను. రోజూ సాయంత్రం అదే పాట మీద కూర్చోబెట్టాను. పది రోజులకి పాప ఏడ్చేసింది. "నాకు మ్యూజిక్ రాదు నాన్నా" అంది. ఆ పాట రాదు అనలేదు, మ్యూజిక్కే రాదు అనేసింది. రెండేళ్ల క్రితం నా గురించి నేను తేల్చుకున్నదీ అదే.

ఆ తర్వాత కీబోర్డ్ మార్చలేదు, పాట మార్చాం. మొదటి పాటని ఎంచుకోవడానికి మేం తప్పులు చేసి నేర్చుకున్న ఐదు టెస్టులు ఇవి. కొత్తగా కీబోర్డ్ కొన్నవాళ్లకి, కొని పక్కన పడేసినవాళ్లకి కూడా పనికొస్తాయి.

టెస్ట్ 1: ట్రాక్ లేకుండా పాడగలరా?

ఫోన్ పక్కన పెట్టేసి పల్లవి మొత్తం హమ్ చేయండి. మధ్యలో తడబడితే ఆ పాట మీరు బాగా విన్నారు కానీ ట్యూన్ ఇంకా పట్టుబడలేదని అర్థం. ఈ మధ్య వచ్చే చాలా హిట్ పాటలు బీట్ మీద, సింగర్ గొంతు మీద నడుస్తాయి. అవి తీసేస్తే ఒక్క వేలితో వాయించడానికి మిగిలేది కొంచెమే. అదే చిన్నప్పటి జోలపాటో, బడిలో నేర్చుకున్న రైమో అయితే నిద్రలో లేపి అడిగినా పాడేస్తాం. ట్యూన్ నోటికి వచ్చి ఉంటే తప్పు కీ నొక్కగానే మన చెవే చెప్పేస్తుంది. సగం పని అక్కడే అయిపోతుంది.

టెస్ట్ 2: ఐదు వేళ్లలో ఇమిడిపోతుందా?

కుడిచేతి బొటనవేలు కీబోర్డ్ మధ్యలో ఉండే సి మీద పెట్టండి. మిగతా నాలుగు వేళ్లు వరసగా పక్క తెల్ల కీస్ మీద. సి, డి, ఇ, ఎఫ్, జి. మన లెక్కలో స రి గ మ ప. చెయ్యి పక్కకి జరపకుండా ఈ ఐదింటిలోనే అయిపోయే పాటే మొదటి పాట.

'మేరీ హాడ్ ఎ లిటిల్ లాంబ్' నాలుగు స్వరాల్లోనే అయిపోతుంది. 'జింగిల్ బెల్స్'లో అందరూ పాడే కోరస్‌కి సరిగ్గా ఐదు చాలు. బీతోవెన్ తొమ్మిదో సింఫనీలోని 'ఓడ్ టు జాయ్' 1824లో వియన్నాలో మొదటిసారి వినిపించిన సంగీతం. అంత పెద్ద సింఫనీలోని ఆ ట్యూన్ కూడా దాదాపు ఈ ఐదు స్వరాల్లోనే నడుస్తుంది, ఒక్కచోట మాత్రం కిందున్న జి కావాలి. పైగా స్వరాలు ఎక్కువగా పక్కపక్కనే అడుగులేస్తాయి, గెంతులు తక్కువ. 'ట్వింకిల్ ట్వింకిల్'కి ఆరోది, అంటే 'ఎ' కూడా కావాలి. చిటికెన వేలు కొంచెం సాగదీయాలి కాబట్టి అది నాలుగో పాటగా పెట్టుకోండి.

ఇక్కడ అందరూ పడే గుంత 'హ్యాపీ బర్త్‌డే'. అందరికీ తెలిసిన పాట కదా అని దానితో మొదలుపెడతారు. ఆ ట్యూన్‌కి పూర్తి ఆక్టేవ్ కావాలి. మూడో లైన్‌లో కింది స్వరం నుంచి ఒకేసారి పై ఆక్టేవ్‌కి గెంతాలి. తాళం కూడా మూడు దెబ్బలది. పుట్టినరోజుకి టైమ్ ఉంటే కొన్ని వారాల తర్వాత పట్టుకోండి.

టెస్ట్ 3: నల్ల కీస్ ఎన్ని తగులుతున్నాయి?

హార్మోనియం వాయించేవాళ్లు వీటిని తెల్ల మెట్లు, నల్ల మెట్లు అంటారు. కొత్తవాళ్లకి రెండింటి మధ్యా వేళ్లు తిప్పడం కష్టం. సంగీతం క్లాసులో మొదట నేర్పే సరళీ వరసలు మాయామాళవగౌళలో ఉంటాయి. సి ని షడ్జమంగా పెట్టుకుంటే అందులో రి, ధ రెండూ నల్ల కీసే. గొంతుకి అది చక్కటి మొదటి పాఠం, కానీ కీబోర్డ్ మీద మొదటి వారం వేళ్లు తికమకపడతాయి. వదిలేయమని కాదు, రెండో నెలలో పెట్టుకోండి.

దీనికి ఎదురుగా మోహన రాగం ఉంది. సి నుంచి వాయిస్తే సి, డి, ఇ, జి, ఎ, అన్నీ తెల్లవే. ఇంకో తమాషా కూడా ఉంది. ఎఫ్ షార్ప్‌ని స అనుకుని నల్ల కీస్ మాత్రమే వరసగా నొక్కండి, అదీ మోహనమే. తెల్లవి తాకనంతవరకు ఏ కీ నొక్కినా రాగం తప్పదు. మా పాప ఆ రోజు అరగంట ఇష్టం వచ్చినట్టు వాయించుకుంది. ఏడుపు తర్వాత నవ్వింది అప్పుడే.

మీకు కావాల్సిన పాట ఒరిజినల్ శ్రుతిలో నల్ల కీస్ ఎక్కువ ఉంటే ట్రాన్స్‌పోజ్ బటన్ వాడండి. బడ్జెట్ కీబోర్డుల్లో కూడా ఇది చాలావరకు ఉంటుంది. ప్లస్ 2 పెడితే మీరు సి నొక్కినా డి వినిపిస్తుంది. అంటే తెల్ల కీస్ మీదే వాయిస్తూ పాట శ్రుతిలో కలిసిపోవచ్చు.

టెస్ట్ 4: గమకాలు తీసేసినా పాటలా ఉందా?

నేను మొదట దెబ్బతిన్నది ఇక్కడే. స్లోగా ఉంది కాబట్టి ఈజీ అనుకున్నాను. మన మెలోడీల్లో గాయకులు ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారుతూ, ఊపుతూ వెళ్తారు. కీబోర్డ్ కీ నొక్కితే ఒక స్వరం నిలబడి ఉంటుంది, అంతే. కొన్ని మోడల్స్‌లో పిచ్ బెండ్ వీల్ ఉన్నా కొత్తవాళ్ల చేతికి అది లొంగదు. అందుకే అన్నీ కరెక్ట్‌గా నొక్కినా పాట చప్పగా వినిపిస్తుంది, తప్పు మనదే అనిపిస్తుంది. ఒక్కో అక్షరానికి ఒక్కో స్వరం పడే పాట చూసుకోండి. పిల్లల పాటలు, భజనలు, కోలాటం పాటల్లో అలాంటివి బాగా దొరుకుతాయి.

టెస్ట్ 5: ఎడమచేతికి రెండు కార్డ్స్ చాలా?

కుడిచెయ్యి కుదిరాక ఎడమచేత్తో కార్డ్స్ మొదలుపెడతాం. సి కార్డ్ అంటే సి, ఇ, జి కలిపి నొక్కడం. జి కార్డ్ అంటే జి, బి, డి. 'మేరీ', 'ఓడ్ టు జాయ్' రెండూ ఈ రెండు కార్డ్స్‌తో నడిచిపోతాయి. ఎఫ్ కూడా కలిపితే 'ట్వింకిల్' వచ్చేస్తుంది. కార్డ్ లిస్ట్‌లో ఐదారు పేర్లు, వాటి పక్కన షార్ప్‌లు కనపడితే ఆ పాటకి ఇంకా టైమ్ ఉందన్నమాట.

ఫోన్, ఫీచర్లు ఎంతవరకు సాయం?

యూట్యూబ్ ట్యుటోరియల్ చూసి నేర్చుకుంటుంటే ప్లేబ్యాక్ స్పీడ్ 0.5 లేదా 0.75 పెట్టండి. పాట నెమ్మదిస్తుంది, శ్రుతి మారదు. టైటిల్‌లో ఈజీ అని ఉన్నా ఒకసారి పూర్తిగా చూసి చెయ్యి ఎన్నిసార్లు పక్కకి జరుగుతోందో లెక్కపెట్టండి. మెట్రోనోమ్ 60 దగ్గర మొదలుపెట్టి, మూడుసార్లు తప్పు లేకుండా వస్తేనే 5 పెంచండి. హెడ్‌ఫోన్స్ వైర్ ఉన్నవే మంచిది. బ్లూటూత్‌లో సౌండ్ కొంచెం ఆలస్యంగా వస్తుంది, నొక్కడానికీ వినడానికీ పొంతన కుదరక తాళం తప్పుతుంది.

కొనబోయేవాళ్లకి ఒక మాట. పిల్లల కోసం కాసియో ఎస్‌ఏ-46 లాంటి 32 మినీ కీస్ మోడల్ తీసుకున్నా పైన చెప్పిన పాటలన్నీ వాయించొచ్చు. కానీ కీస్ సన్నగా ఉంటాయి, పెద్దవాళ్ల వేళ్లు ఇరుక్కుంటాయి. ఇంట్లో ఇద్దరు నేర్చుకునేటట్టయితే మామూలు సైజు 61 కీస్ తీసుకోండి. వందల టోన్ల కన్నా ట్రాన్స్‌పోజ్, మెట్రోనోమ్, హెడ్‌ఫోన్ జాక్ ఉన్నాయా అన్నది ముందు చూడండి.

సంక్రాంతికి ఏమైంది?

హిట్ పాట వాయించలేదు. మా అమ్మ పాపని చిన్నప్పుడు నిద్రపుచ్చుతూ పాడిన జోలపాట వాయించింది. అమ్మ పాడే తీరులో దానికి నాలుగే స్వరాలు. మొదట అమ్మ గొంతు కీబోర్డ్‌తో కలవలేదు. పాపే ట్రాన్స్‌పోజ్ బటన్ ఒక్కొక్కటి తగ్గిస్తూ పోయింది. మైనస్ 5 దగ్గర కలిసింది. సి నొక్కితే జి, అంటే అమ్మది అయిదు శ్రుతి. అమ్మ కుర్చీలోంచి లేవకుండానే పాట మొత్తం పాడింది. ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టిన వీడియోలో కీబోర్డ్ కన్నా అమ్మ గొంతే ఎక్కువ వినిపిస్తుంది.

ఇప్పుడు కీబోర్డ్ హాల్లో టేబుల్ మీదే ఉంటోంది. రాత్రి పాప పడుకున్నాక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నేనూ కూర్చుంటున్నాను. ఎండాకాలం వచ్చేసినా జింగిల్ బెల్సే వాయిస్తున్నాను. ఐదు వేళ్లు, ఐదు స్వరాలు. మీ కీబోర్డ్ కూడా మంచం కిందే ఉంటే ఈ ఆదివారం దుమ్ము దులిపి, ముందు ఆ నాలుగు స్వరాల 'మేరీ'తో మొదలుపెట్టండి. హిట్ పాట తర్వాత చూసుకోవచ్చు.