లాక్‌లో బోటు: తాడు కట్టొద్దు, పట్టుకోండి

సియాటెల్‌కి అమ్మానాన్నలు వస్తే మనవాళ్లు చూపించే చోట్ల లిస్టులో బాలర్డ్ లాక్స్ కచ్చితంగా ఉంటాయి. టికెట్ లేదు, పక్కనే తోట, వేసవిలో సాల్మన్ చేపలు 21 మెట్ల నిచ్చెన ఎక్కుతూ గాజు కిటికీలోంచి కనిపిస్తాయి. రెయిలింగ్ దగ్గర నిలబడితే కింద బోట్లు లిఫ్ట్‌లో దిగినట్టు దిగుతుంటాయి. వీడియో తీసుకుని, స్టేటస్ పెట్టేసి వచ్చేస్తాం. గత రెండు వేసవుల్లో నేను రెయిలింగ్‌కి అవతల, కింద బోటులో, చేతిలో తాడుతో చాలాసార్లు నిలబడ్డాను. పైనుంచి చూస్తే సరదా. కింద మాత్రం పని.

మా టీమ్‌లో ఒక అన్న ఉన్నాడు, అమలాపురం వైపు. లేక్ యూనియన్‌లో 24 అడుగుల పాత ఫిషింగ్ బోటు పెట్టుకున్నాడు. వేసవిలో పీతలు పట్టడానికి సముద్రంలోకి వెళ్తాం. సరస్సులోంచి ఉప్పునీటిలోకి వెళ్లాలంటే ఈ లాక్స్ దాటాల్సిందే. మొదటిరోజే నా చేతికి తాడిచ్చి అన్న చెప్పిన మాట: "తమ్ముడూ, ఇది కట్టడానికి కాదు, పట్టుకోడానికి. ఫోన్ జేబులో పెట్టెయ్." లాక్‌లో సేఫ్టీ గురించి ఇంతకంటే మంచి సలహా నాకు ఇంకెక్కడా దొరకలేదు.

లాక్ అంటే ఏంటో గోదావరి జిల్లాల వాళ్లకి చెప్పక్కర్లేదు, అక్కడ వాటిని లాకులు అనే అంటారు. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేసిన ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర్నుంచి, డెల్టా కాలువల మీద పడవలు ఎత్తు నుంచి పల్లానికి దిగడానికి ఇవే దారి. మిగతా వాళ్లకి సింపుల్‌గా: రెండు చివర్లా గేట్లున్న పెద్ద కాంక్రీటు తొట్టి. బోటు లోపలికి వచ్చాక వెనక గేటు మూస్తారు. నీళ్లు బయటికి వదిలితే బోటు దిగుతుంది, లోపలికి వదిలితే లేస్తుంది. పంపులు లేవు, మోటార్లతో నీళ్లు తోడటం లేదు, అంతా గురుత్వాకర్షణే.

బాలర్డ్‌లో ఇలాంటివి రెండు. చిన్నది 150 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు. పెద్దది 825 అడుగుల పొడవు, 80 అడుగుల వెడల్పు. అసలు పేరు హైరమ్ ఎం. చిట్టెండెన్ లాక్స్. 1917లో ప్రారంభమయ్యాయి, నడిపేది యూఎస్ ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్. ఆటుపోట్లను బట్టి బోటు 6 నుంచి 26 అడుగుల దాకా దిగాల్సి రావచ్చు. ఇంజినీరు బుర్ర కదా, లెక్కేశాను. పెద్ద లాక్ మొత్తం 20 అడుగులు దిగితే బయటికి పోయే నీళ్లు దాదాపు 3 కోట్ల 70 లక్షల లీటర్లు. అన్ని నీళ్లు కదులుతుంటే, వాటి మీదున్న మన మూడు టన్నుల బోటు ఒక అగ్గిపెట్టె.

తాడుతో గొడవ ఎక్కడొస్తుంది?

గోడ మీద ఇనుప గుంజ ఉంటుంది. అది కదలదు. మన బోటు కదులుతుంది. ఆ రెండింటినీ కలిపేది తాడు. బోటు దిగుతున్నప్పుడు తాడు వదులుతూ ఉండాలి. ఎక్కుతున్నప్పుడు లాక్కుంటూ ఉండాలి, లేకపోతే వదులై బోటు అడ్డం తిరిగి పక్కవాడి మీదికి పోతుంది. దిగేటప్పుడు ముడి వేసి కూర్చుంటే నీళ్లు కిందికి పోతాయి, బోటు తాడుకి వేలాడుతుంది.

కిందటి జులైలో మా ముందున్న బోటుకి సరిగ్గా ఇదే అయింది. శనివారం పొద్దున, పెద్ద లాక్, పదిహేను బోట్ల దాకా ఉన్నాం. ఆ బోటు వెనక భాగంలో ఉన్న అతిథి ఎవరో తాడుకి రెండు ముడులేసి, ఫొటోలకి ముందుకెళ్లిపోయాడు. నీళ్లు రెండడుగులు దిగేసరికి గోడ వైపు అంచు పైకి లేచి, బోటు అవతలికి ఒరగడం మొదలైంది. టేబుల్ మీద కాఫీ ఫ్లాస్కు దొర్లి నీళ్లలో పడింది. తాడు వీణ తీగలా బిగిసిపోయింది, అంత బరువు మీద ముడి విప్పడం ఎవరి వల్లా కాదు. పైనున్న సిబ్బంది "అందరూ తాడుకి దూరం!" అని అరిచి నీళ్లు ఆపారు. నడిపేవాడు కత్తితో తాడు కోశాడు. బోటు దబ్బున పడి, ఊగి, నిలబడింది. ఎవరికీ ఏం కాలేదు. కానీ బోటుకి తాడు కట్టే ఇనుప కొక్కెం మరలతో సహా ఊడొచ్చి ఉంటే? అది తుపాకీ గుండులా వస్తుంది. తాడు తెగినా అంతే, కొరడా దెబ్బలా వెనక్కి కొడుతుంది. అందుకే బిగిసిన తాడుకి ఎదురుగా ఎప్పుడూ నిలబడకూడదు.

మరి మూడు టన్నుల బోటుని చేత్తో ఎలా ఆపుతాం? ఊళ్లో ఎద్దు పలుపుని గుంజకి ఒక చుట్టు తిప్పి చివర చేత్తో పట్టుకుంటారు చూడండి, అదే టెక్నిక్. తాడు కన్ను గోడ మీది గుంజకి. రెండో చివర బోటు కొక్కెం అడుగున ఒక్క చుట్టు, కొస మన చేతిలో. బరువు ఆ చుట్టు మోస్తుంది, మనం వదలడమో లాగడమో చేస్తాం. చేతికి మాత్రం చుట్టుకోకూడదు, వేళ్లు పోతాయి. కాళ్ల దగ్గర తాడు చుట్టలు చుట్టలుగా పడి ఉండకూడదు, అందులో పాదం ఇరుక్కుంటే మనిషి తాడుతో పాటే వెళ్తాడు.

బాలర్డ్‌కి వెళ్లే బోటులో 50 అడుగుల తాళ్లు రెండు ఉండాలి, ముందుకి ఒకటి, వెనక్కి ఒకటి. ఒక్కోదానికి ఒక చివర 12 అంగుళాల కన్ను ఉండాలి. 50 అడుగులెందుకంటే, సముద్రం పాటు మీదున్నప్పుడు లోపలికి వస్తే గోడ మన నెత్తి మీద రెండంతస్తుల ఎత్తులో ఉంటుంది. పైనుంచి సిబ్బంది సన్నటి తాడు విసురుతారు, దానికి మన తాడు కడితే లాక్కుని గుంజకి వేస్తారు. గాలి దిండ్ల లాంటి ఫెండర్లు రెండు పక్కలా వేలాడదీయాలి. ఒక పక్క గోడ ఉంటే రెండో పక్కకి ఇంకో బోటు వచ్చి ఆనుకుంటుంది. గోడకి తగులుతున్న బోటుని చేత్తోనో కాలితోనో ఆపుదామని చాలామందికి అనిపిస్తుంది. వద్దు. బోటుకి గీత పడితే పెయింటు వేయొచ్చు.

చిన్న లాక్‌లో పని కాస్త తేలిక. అక్కడ గోడలకి ఆనుకుని తేలే గోడలుంటాయి, నీళ్లతో పాటే దిగుతాయి, లేస్తాయి. తాడు వాటికే వేస్తాం. అయినా అన్న కొస వదలనివ్వడు. తేలే గోడ ఎక్కడైనా ఇరుక్కుందంటే మళ్లీ పాత కథే. చేతికందే చోట పదునైన కత్తి కూడా ఉంటుంది మా బోటులో.

లైఫ్ జాకెట్ గురించి కొత్తగా చెప్పాలా? 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో జరిగింది తెలుగువాళ్లెవరూ మర్చిపోలేదు. లాక్ ఈతకొలను కాదు. నున్నటి గోడలు, సుళ్లు, అటూ ఇటూ ఊగే బోట్లు. పడితే ఈత వచ్చినా పట్టుకోడానికి చోటు దొరకడం కష్టం. జాకెట్ లాక్ కనపడకముందే వేసుకోవాలి.

గేటు తెరిచాక అసలు తమాషా

నీళ్లు సమానమయ్యాయి, గేటు తెరుచుకుంటోంది, ఇక పని అయిపోయిందని తాడు వదిలేస్తారు కొందరు. బాలర్డ్‌లో మాత్రం కాసేపు ఆగాలి. ఒక పక్క ఉప్పునీరు, ఒక పక్క మంచినీరు. ఉప్పునీరు బరువు, అడుగున జారుతుంది. మంచినీరు తేలిక, పైన పరిగెడుతుంది. మట్టం సమానంగా ఉన్నా గేటు తెరవగానే రెండూ చోట్లు మార్చుకుంటాయి. సముద్రం వైపు వెళ్తుంటే పైనీరు మనల్ని ముందుకి తోస్తుంది, సరస్సు వైపు వస్తుంటే ఎదురొస్తుంది. అంత పెద్ద లాక్‌లో ఆ తోపు మామూలుగా ఉండదు. సిబ్బంది చెప్పేదాకా తాడు వదలకండి. ఇంజిన్ ఎప్పుడు ఆపాలి, ఎప్పుడు స్టార్ట్ చేయాలి అన్నది కూడా వాళ్ల మాటే. నాలుగు గోడల మధ్య పది ఇంజిన్లు నడుస్తుంటే పొగ అక్కడే ఉండిపోతుంది, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

సరస్సు వైపు నుంచి వచ్చేవాళ్లకి ఇంకో జాగ్రత్త. లాక్స్ పక్కనే నీళ్లు వదిలే డ్యామ్ ఉంది. దాని గేట్లు తెరిచినప్పుడు ప్రవాహం అటు లాగుతుంది. ఎర్ర లైటు చూసి ఆగి, ఇంజిన్ ఆపేసి కబుర్లలో పడితే ఎటు పోతున్నామో తెలియదు. వరస కూడా మన టోల్‌గేట్ క్యూలా ఉండదు. ప్రభుత్వ పడవలు, సరుకు పడవలు ముందు, మనలాంటి సరదా బోట్లు తర్వాత. గంట ఆగాల్సి వచ్చినా హారన్ కొట్టి లాభం లేదు.

ఇంగ్లండ్ కాలువల్లో బోటు అద్దెకి తీసుకునే మనవాళ్లకి ఒక మాట. అక్కడ చాలా లాకుల దగ్గర సిబ్బంది ఉండరు, చేత్తో తిప్పే హ్యాండిల్‌తో మీరే నీళ్లు వదలాలి. ఎగువ గేటు కింద లోపలికి పొడుచుకొచ్చిన కాంక్రీటు గట్టు ఉంటుంది, దిగేటప్పుడు బోటు వెనక భాగం దాని మీద కూర్చుంటే ముందు భాగం మునుగుతుంది. గట్టు ఎక్కడిదాకా ఉందో గోడ మీద తెల్ల గీత చెబుతుంది, దానికి ముందే ఉండాలి. ఏదైనా తేడాగా అనిపిస్తే మొదట నీళ్లు ఆపాలి, అరుపులు తర్వాత.

బోటు లేకపోయినా బాలర్డ్ దాటొచ్చు. కయాక్‌లని కూడా రానిస్తారు, ఫీజు లేదు, లైఫ్ జాకెట్ తప్పనిసరి. పెద్ద బోట్లన్నీ వెళ్లి కుదురుకున్నాక పిలుస్తారు, పిలిచేదాకా పక్కన ఆగాలి. మొదటిసారైతే శని, ఆదివారాల మధ్యాహ్నం వద్దు. మామూలు రోజు పొద్దున్నే వెళ్లండి. సిబ్బందికి కూడా అప్పుడు తీరిక ఉంటుంది, "మొదటిసారి" అని ముందే చెబితే పక్కన నిలబడి మరీ చూసుకుంటారు.