మా ఇంటి మూడు కుండలు

గత వర్షాకాలంలో మా ఇంట చిన్నబిడ్డకు విరేచనాలు పట్టుకొని మూడు రాత్రులు ఆసుపత్రిలో గడిపాము. "ఏ నీళ్లు తాగిస్తున్నారమ్మా?" అని నర్సమ్మ అడిగింది. బావినీళ్లను ఒక్క పొర గుడ్డతో వడకట్టి తాగుతున్నామని చెప్పాము. "అది చాలదమ్మా" అన్నది.

గుడ్డ వడపోత పనికిరానిదేమీ కాదు. బంగ్లాదేశ్ పల్లెలలో పాత చీరను నాలుగు నుండి ఎనిమిది పొరలుగా మడిచి నీళ్లు వడకట్టగా కలరా దాదాపు సగానికి తగ్గినదని 2003లో వెలువడిన పరిశోధన తెలిపింది. అయితే సగమే గదా! అందుకే ఇంటికి రాగానే మూడు కుండల వడపోత పెట్టుకొన్నాము. కొన్నవి కుండలు, ఒక కుళాయి మాత్రమే. స్టాండు ఇంట్లోని పాత కర్రలతోనే చేసుకొన్నాము.

కుండలను ఒకదాని క్రింద ఒకటి నిలుపవలెను. పై రెండింటి అడుగున సన్నని రంధ్రం చేసి, లోపల శుభ్రమైన కొబ్బరిపీచు ఉంచవలెను. మొదటి కుండలో గులకరాళ్లు, వాటిపై ముతక ఇసుక, ఆపైన సన్న ఇసుక పోయవలెను. రెండవ కుండలో గులకరాళ్లపై చితక్కొట్టిన కట్టెబొగ్గు వేయవలెను. మూడవ కుండకు కుళాయి, మూత ఉండవలెను. ఇసుకను, బొగ్గును నీళ్లు తేటపడే వరకు ముందే కడగవలెను. మొదట దిగిన నీళ్లు పారబోయవలెను. తరువాత కూడా ఇసుకను అప్పుడప్పుడు కడిగి ఎండబెట్టి, బొగ్గును మార్చుచుండవలెను.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ వడపోతతో మురికి, వాసన తగ్గుతాయి గాని క్రిములన్నీ చావవు. తేటపడిన నీళ్లను కళపెళ ఒక నిమిషమైనా మరిగించాలి. కట్టెలు కరువైతే, రంగులేని ప్లాస్టిక్ సీసాలో నింపి ఆరు గంటలు మంచి ఎండలో ఉంచినా క్రిములు చస్తాయి. మబ్బు పట్టితే రెండు దినాలు ఉంచాలి.

నల్గొండ, ప్రకాశం జిల్లాల వంటి చోట్ల మరొక చిక్కు ఉన్నది. అది ఫ్లోరైడు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించితే పిల్లల పళ్లకు గారపట్టును. మరీ ఎక్కువైతే ఎముకలు వంగును. ఇసుకకు, బొగ్గుకు అది లొంగదు, మరిగించినా పోదు. పటిక, సున్నం కలిపి దానిని తగ్గించే విధానానికి నల్గొండ పద్ధతి అనియే పేరు. కాని వాటి కొలత నీటి పరీక్షను బట్టి ఉంటుంది గనుక ఊహతో కలపరాదు. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో ముందుగా పరీక్ష చేయించుకొనండి.

నర్సమ్మ మమ్మల్ని అడిగిన ప్రశ్నను, బిడ్డకు జబ్బు చేయకముందే, ఈ రోజే మీ ఇంట మీరు అడుగుకొనండి.