మోటారులో ఖాళీ జాగా ఖరీదు

బేరింగు అరిగి, లోపల తిరిగే రోటర్ దాని చుట్టూ కదలకుండా ఉండే స్టేటర్‌కి రాసుకుంటోందని మోనోబ్లాక్ పంపు మోటారు తెచ్చే రైతులు మా రివైండింగ్ షాపులో తరచూ అడిగే మాట: "రోటర్ని లేత్ మీద కాస్త చెక్కిస్తే పోదా అన్నా?" చెక్కిస్తే రాపిడి పోయే మాట నిజమే. కానీ నేను ఒప్పుకోను.

చుట్టలో కరెంటు పారితే అయస్కాంత అభివాహం పుడుతుంది. స్టేటర్ ఇనుములో బయల్దేరి, స్టేటర్‌కీ రోటర్‌కీ మధ్యనున్న గాలి సందు దాటి రోటర్లోకి వెళ్లి, మళ్లీ సందు దాటి స్టేటర్‌కి చేరుతుంది. అదే అయస్కాంత వలయం. చుట్ల సంఖ్యని ఆంపియర్లతో హెచ్చవేస్తే వచ్చేది అభివాహాన్ని తోసే బలం. అంత బలానికి ఎంత అభివాహాన్ని పోనిస్తుందో చెప్పేదే ఆ దారి పర్మియెన్స్. దారి వెడల్పయితే అది పెరుగుతుంది, పొడవైతే తగ్గుతుంది. మిగతాది పదార్థాన్ని బట్టి.

కోర్‌కి వాడే సిలికాన్ స్టీలు గాలికన్నా కొన్ని వేల రెట్లు నయం. నాలుగు వేలనుకుందాం. అప్పుడు అర మిల్లీమీటరు గాలి, అంతే వెడల్పున్న 2 మీటర్ల ఇనుముతో సమానం. రెండుసార్లు దాటాలి కనుక 4 మీటర్లు. చిన్న మోటార్లో అభివాహం నడిచే ఇనుప దారి అందులో పదోవంతు కూడా ఉండదు. నాలుగు వరుసల రోడ్డేసి, కాలువ మీద మాత్రం తాటిపట్టె వంతెన వదిలేసినట్టు!

రోటర్ని చుట్టూ పావు మిల్లీమీటరు చెక్కితే ఆ అర మిల్లీమీటరు సందు ముప్పావు అవుతుంది. వోల్టేజి మారదు కనుక అభివాహం అంతే కావాలి. దాన్ని నిలబెట్టడానికి మోటారు దాదాపు ఒకటిన్నర రెట్లు మాగ్నెటైజింగ్ కరెంటు లాగుతుంది. పవర్ ఫ్యాక్టర్ పడిపోతుంది, వైండింగ్ వేడెక్కుతుంది.

ఈ లెక్కతో యంత్రం రూపమే మార్చినవాడు ఇంగ్లండు ఇంజనీరు జాన్ హాప్కిన్సన్. ఎడిసన్ డైనమోలకి పొడుగాటి సన్నని అయస్కాంత కాళ్లుండేవి. 1880ల మొదట్లో ఆయన వాటిని పొట్టిగా, లావుగా మార్పించాడు. ఇంచుమించు అదే సైజు యంత్రం రెట్టింపు పని చేసింది. 1886లో తమ్ముడు ఎడ్వర్డ్‌తో కలిసి ఆ పద్ధతిని వివరంగా ప్రచురించాడు.

అయితే ఈ లెక్క ఉజ్జాయింపే. కరెంటు తీగకి రబ్బరు తొడుగున్నట్టు అభివాహానికి తొడుగు లేదు. కొంత పక్కలకి జారిపోతుంది. ఇనుముకీ హద్దుంది: 2 టెస్లాల దరిదాపుల్లో అది నిండిపోయి, పర్మియెన్స్ పడిపోతుంది.

కాబట్టి అరిగిన బేరింగునే మార్పించండి. మోటారు ఎప్పుడు విప్పినా, ఇంపెల్లర్ బిగించకముందు నో-లోడ్ కరెంటు టాంగ్ టెస్టర్‌తో కొలిపించి రాసిపెట్టుకోండి. తర్వాతి రిపేరులో ఆ అంకె బాగా పెరిగితే, చుట్లు తగ్గించారా, రోటర్ చెక్కారా అని మెకానిక్‌ని నిలదీయండి.