ఉద్యోగి పరిహారం

అచ్యుతాపురంలో 2024 ఆగస్టు 21న, పాశమైలారంలో 2025 జూన్ 30న కర్మాగారాల్లో పేలుళ్లు జరిగినప్పుడు వార్తల నిండా ఎక్స్‌గ్రేషియా మాటే. అది ప్రకటించే వారి ఇష్టం. బాధిత కుటుంబానికి చట్టం ఇచ్చిన హక్కు వేరే ఉంది. అదే ఉద్యోగి పరిహారం.

1923 నాటి చట్టంతో వచ్చిన ఈ హక్కు ఇప్పుడు సామాజిక భద్రత కోడ్‌లో భాగం. 2025 నవంబరు 21 నుంచి అది అమల్లో ఉంది. పని కారణంగా, పనిలో ఉండగా ప్రమాదం జరిగితే చాలు, యజమాని తప్పును నిరూపించనక్కర్లేదు. ఉద్యోగంతో సంబంధం ఉందని తేలితే, రాకపోకల్లో జరిగిన ప్రమాదాలకూ కొత్త కోడ్ వర్తిస్తుంది. కాంట్రాక్టు కార్మికుడన్న సాకుతో ప్రధాన యజమాని తప్పించుకోలేడు. తాగి ఉన్నాడన్న వాదన మరణం, శాశ్వత పూర్తి వైకల్యం కేసుల్లో చెల్లదు.

లెక్క ఎలా? మరణిస్తే నెల వేతనంలో 50 శాతాన్ని, శాశ్వత పూర్తి వైకల్యమైతే 60 శాతాన్ని వయసును బట్టి ఉండే గుణకంతో హెచ్చవేస్తారు. 30 ఏళ్ల వయసుకు గుణకం 207.98. వేతనం 15,000 రూపాయలైతే మరణ పరిహారం 15,59,850 రూపాయలు. చెల్లింపు నెల దాటితే 12 శాతం వడ్డీ, అకారణ జాప్యానికి 50 శాతం దాకా జరిమానా అదనం.

ఈఎస్‌ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) పరిధిలోని కార్మికులకు ఈ బాధ్యత ఈఎస్‌ఐ సంస్థదే. పని చేయలేని రోజులకు వేతనంలో 90 శాతం, మరణిస్తే కుటుంబానికి పింఛను ఇస్తుంది. యజమాని, ఈఎస్‌ఐ రెండింటి నుంచీ పరిహారం పొందడం కుదరదు.

యజమాని ఇవ్వకపోతే రెండేళ్లలోపు కార్మిక శాఖ అధీకృత అధికారికి దరఖాస్తు చేయాలి. వేతన చీటీ, ఆసుపత్రి కాగితాలు, ఎఫ్‌ఐఆర్ నకలు దగ్గరుంచుకోవడం మేలు.