గాలి చల్లన, కాయ వెచ్చన

ఆ మామిడికాయకు తొడిమ లేదు, సొన లేదు. కోసినా రసం రాదు. ఆకారం మాత్రం అచ్చం కెంట్ రకం మామిడిదే. లోపల గుజ్జుకు బదులు నీళ్లు, పిండిపదార్థం, పాలిస్టైరీన్ కలిపిన ముద్ద. దాని నడుమ ఒక సెన్సర్. ఈ దొంగకాయ స్విట్జర్లాండ్‌లోని ఎంపా పరిశోధన సంస్థలో తయారైంది. దాని కబురు 2017లో లోకానికి తెలిసింది. నిజం కాయలకు ఎక్స్‌రే తీసి సగటు ఆకారం రాబట్టారు. అసలు గుజ్జు ఎంత నిదానంగా చల్లబడుతుందో ముద్ద కూడా అంతే నిదానంగా చల్లబడేలా పాళ్లు కుదిర్చారు. అరటికీ, నారింజకూ, యాపిల్‌కూ ఇలాంటివే చేశారు. కాయల మధ్య కాయలా కూర్చుని, దారి పొడవునా తన ఒంటి వేడి తనే రాసుకోవడం దాని ఉద్యోగం.

సరుకును చల్లగా మోసే రీఫర్ కంటైనర్‌కు మీటరు ఉంది కదా, మళ్లీ ఈ తంటా ఎందుకు? ఆ మీటరు చెప్పేది గాలి సంగతి. కాయ సంగతి వేరు. కోసిన తర్వాత కూడా కాయ ఊపిరి తీస్తూనే ఉంటుంది, వేడి పుట్టిస్తూనే ఉంటుంది. చల్లగాలి కంటైనర్ నేలలోని గాడుల్లోంచి వచ్చి, పెట్టెల సందుల్లోంచి పైకెక్కి, కప్పు కిందుగా మళ్లీ మెషీన్‌కు చేరాలి. కానీ గాలి మహా బద్ధకస్తురాలు. ఎక్కడ ఖాళీ దొరికితే అటే జారుకుంటుంది. తలుపు దగ్గర జానెడు సందు వదిలారా, చల్లదనం అటే పోతుంది. నడిమి పెట్టెల్లో కాయ లోలోపల మగ్గుతుంటుంది. మీటరు 13 డిగ్రీలు చూపిస్తూ ఉంటుంది, పాపం అదీ అబద్ధం ఆడట్లేదు.

పైగా ఈ మెషీన్ ఉన్న చల్లదనాన్ని కాపాడడానికి పుట్టింది, పొలం నుంచి వచ్చిన వేడిని దించడానికి కాదు. అందుకే కాయను ముందే చల్లబరిచి ఎక్కించాలి. అలాగని మరీ చల్లబరిచినా నష్టమే. ఫ్రిజ్‌లో పెట్టిన అరటిపండు తొక్క నల్లబడడం చూడని ఇల్లు ఉంటుందా! అరటికి 13 డిగ్రీలు హద్దు. అటైతే దారిలోనే పండుతుంది, ఇటైతే రంగు చెడుతుంది. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి 43 రీఫర్ కంటైనర్లలో 980 టన్నుల అరటి రైలెక్కి ముంబయి దగ్గరి జేఎన్‌పీటీ రేవుకు వెళ్లింది. దాని ప్రయాణమంతా ఆ సన్నని గట్టు మీదే.

చల్లటి సరుకు మోసే బండి గోడలకూ పరీక్ష ఉంది. యూరప్‌లో సరిహద్దులు దాటే బండ్లకు 1970 నాటి ఏటీపీ ఒప్పందం వర్తిస్తుంది. తమాషా ఏమిటంటే, చల్లబండిని పరీక్షించేటప్పుడు దాని లోపల హీటరు పెడతారు! లోపల 32.5 డిగ్రీలు, బయట గదిలో 7.5. ఆ తేడా నిలబడడానికి ఎంత కరెంటు పోయాలో చూస్తే గోడ ఎంత కారుతోందో తేలిపోతుంది. గడ్డకట్టిన సరుకు మోయాలంటే చదరపు మీటరుకు, డిగ్రీ తేడాకు 0.4 వాట్లు మించకూడదు. గోడలోని ఫోమ్ కూడా మనలాగే ముసలిదవుతుంది కాబట్టి ఆరేళ్లకు బండి మళ్లీ పరీక్షకు రావాలి.

నాకు ఎక్కువ నచ్చింది నెదర్లాండ్స్‌లోని వాగెనింగన్ పరిశోధకుల పని. లోపలికి వదిలే గాలి కాస్త కూడా అటూఇటూ కాకూడదని అంతవరకు అందరి పట్టుదల. అందుకని మెషీన్ ఆగకుండా తిరిగేది. వీళ్లు సూటిగా కాయనే అడిగారు. గాలి పెరిగి తగ్గినా, లావుపాటి గుజ్జు అంత తొందరగా కదలదు. నాణ్యత చెడలేదు. కంప్రెసర్‌ను ఆపుతూ నడిపే ఈ పద్ధతి పేరు క్వెస్ట్. దాని రెండో రూపంతో చల్లని సరుకుకయ్యే కరెంటు 65 శాతం దాకా తగ్గుతుందని లెక్క తేల్చారు.

గాలితో ఈ గొడవ కొత్తది కాదు. 1882 ఫిబ్రవరిలో డునీడిన్ అనే తెరచాప ఓడ న్యూజిలాండ్ నుంచి గడ్డకట్టిన గొర్రెమాంసంతో లండన్‌కు బయలుదేరింది. ఉష్ణమండలంలోకి వచ్చేసరికి, మెషీన్ చల్లదనం ఇస్తున్నా అది సరుకంతటికీ అందడం లేదని తెలిసింది. కెప్టెన్ విట్సన్ రంపం పట్టుకుని గాలిగొట్టంలోకి పాకి కొత్త కంతలు కోశాడు. లోపలే చలికి కొయ్యబారిపోయాడు. కాలికి తాడు కట్టి మేటు బయటికి లాగాడు. 98 రోజుల ప్రయాణం తర్వాత లండన్‌లో సరుకు దించితే, దాదాపు 5 వేల గొర్రెల్లో పనికిరానిది ఒక్కటే.